తుంటితో తోసే తలుపు

దగ్గరికి జరగండి ఇద్దరూ. ఇంకా దగ్గరికి. ఆ దిండు ఇటు తెచ్చుకో, నువ్వు ఇలా నా పక్కకి రా. నిన్న మనింటికొచ్చిన నీ స్నేహితురాలు పొట్ట పట్టుకుని నవ్విందట కదా, "మీ ఇంట్లో స్నానానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ గొంతెత్తి పాడతారేమిటే" అని. నీకు చిన్నతనమనిపించి నా దగ్గరికి వచ్చావు. నిజమే మరి. మీ నాన్న పాడతాడు, మీ అమ్మ పాడుతుంది, మీ తాతగారైతే పళ్ళు తోముకుంటూ కూడా పాడతారు. మీరిద్దరూ మాటలు రాకముందే నీళ్ళ తొట్టిలో కూర్చుని కూనిరాగాలు తీశారు. అందుకు కారణం మన పాత ఇంట్లో ఉంది. చెబుతా, మధ్యలో లేవకుండా వినండి.

మీరింకా పుట్టలేదు. మీ అమ్మ మన ఇంటి కోడలై మూణ్ణెల్లయింది. ఒక మంగళవారం పొద్దున్నే ఫోను మోగింది. అటువైపు మీ చిన్ననానమ్మ, అదే, నా చెల్లెలు. అది మామూలుగా మాట్లాడితేనే వీధంతా వింటుంది. ఆ రోజు ఫోను చెవికి జానెడు ఎడంగా పట్టుకోవలసి వచ్చింది.

"అక్కా! పక్కిల్లు అమ్మేస్తున్నారే!"

"ఎవరి పక్కిల్లే?"

"నాదే, నా పక్కిల్లే! రెండిళ్ళకీ నడుమ ఒకటే గోడ. అటు నువ్వు తుమ్మితే ఇటు నేను 'చిరంజీవ' అనొచ్చు!"

ఆ పక్కింటావిడ తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతోందట. మా చెల్లెలు ఆవిడని బతిమాలి గడువు పుచ్చుకుంది. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం దాకా ఆగుతానందట. ఆ రోజు చీకటిపడేలోపు మేం మాట ఇవ్వకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తుంది. మాట ఇవ్వాలంటే మా ఇల్లు అమ్ముడుపోవాలి. అది అమ్మితే తప్ప ఇది కొనే దారి మాకు లేదు. అదీ సంగతి.

మేమిద్దరం పదహారేళ్ళు ఒకే మంచం మీద, ఒకే దుప్పటి లాక్కుంటూ పెరిగినవాళ్ళం. పెళ్ళిళ్ళయ్యాక నలభయ్యేళ్ళు నేనొక చోట, అదొక చోట. రైల్లో ఒక పగలంతా ప్రయాణం. ఎవరి పెళ్ళిలోనో కలిస్తే, ఆ జనంలో నాలుగు మాటలు మాట్లాడేలోపే రైలు టైమయ్యేది. అలాంటిది గోడకవతల ఉంటుందంటే, నాకు ఆ పూట కాళ్ళు నేల మీద నిలవలేదు. టీ కాచి, అందులో పంచదారకి బదులు ఉప్పు వేశాను. మీ తాతగారు గుటక వేసి, నా మొహం చూసి, మిగిలింది కూడా తాగేశారు.

"ఏమండీ, పన్నెండు రోజులే ఉంది. ఇల్లు బాగుచేయించి అమ్మాలి," అన్నాను.

"అలాగే. రేపు మొదలుపెడదాం."

మీ తాతగారికి నేను రేపటాయన అని పేరు పెట్టింది ఊరికే కాదు. ఇంట్లో మేకు ఊడినా 'రేపు' అనేవారు, మెట్టు కదిలినా 'రేపు' అనేవారు. ఇరవయ్యేళ్ళుగా ఆ రేపు మా గుమ్మం తొక్కలేదు. ఈసారి నేను వినలేదు. లప్పం డబ్బా ఆయన చేతిలో పెట్టి, ఉప్పు కాగితం మీ నాన్నకిచ్చి, నేను పాత చొక్కా ఒకటి తొడుక్కుని గోడ ముందు నిలబడ్డాను. గీకాం, రుద్దాం, లప్పం పెట్టాం, రెండు పూతలు వెన్నరంగు వేశాం. మీ తాతగారి మీసాలకి కూడా ఒక పూత పడింది. శుక్రవారం సాయంత్రానికి గోడలు చూస్తే మా ఇల్లేనా అనిపించింది. అందరం నడుం మీద చేతులేసుకుని హాల్లో నిలబడి, "ఇంకేముంది, కళ్ళకద్దుకుని కొనేస్తారు" అనుకున్నాం. మీ అమ్మ మాత్రం ఏదో చెప్పబోయి ఆగిపోయింది. కొత్త కోడలు కదా.

శనివారం బ్యాంకులో పనిచేసే ఒకాయన, ఆయన భార్య ఇల్లు చూడటానికి వచ్చారు. గోడలు చూసి మురిసిపోయారు. ఆవిడ వంటింట్లోకొచ్చి దీపం స్విచ్చు నొక్కింది. గుమ్మం దగ్గర గంట మోగింది.

"ఎవరో వచ్చినట్టున్నారండీ," అంది ఆవిడ.

"ఎవరూ రాలేదమ్మా, మీరే," అన్నాను నేను. "ఆ స్విచ్చు గంటది. వంటింటి దీపం స్విచ్చు వెనకగదిలో ఉంటుంది."

ఆవిడ నా వైపు ఒక చూపు చూసి కుళాయి తిప్పింది. నీళ్ళు రాలేదు.

"పూర్తిగా తిప్పి, పావు వెనక్కి తిప్పి, నెత్తిన ఒక్కటివ్వండి. అలా మొహమాటంగా కాదు, గట్టిగా!"

ఇంతలో స్నానాలగది వైపు నుంచి ఒక కేక. ఏమయిందంటే, బ్యాంకాయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ తలుపుకి గడియ పడదు. పడదని మాకు తెలుసు కనక, లోపల ఉన్నవాళ్ళు పాడుతూ ఉండటం మా ఇంటి పద్ధతి. పాట వినిపిస్తే ఎవరో ఉన్నట్టు, లేకపోతే ఖాళీ అన్నట్టు. ఆయన పాడలేదు. మీ తాతగారు తుండు తీసుకుని తిన్నగా తలుపు తోసేశారు. తోసి, బెల్టు పట్టుకుని నిలబడిన ఆ పెద్దమనిషిని చూసి, ఆశ్చర్యంగా ఏమన్నారో తెలుసా?

"పాడకుండా లోపలేం చేస్తున్నారండీ మీరు?"

వాళ్ళు వెంటనే బయల్దేరారు. వెళుతూ వెళుతూ ఆయన బయటి మూడో మెట్టు మీద కాలు వేశారు. ఆ బండ వదులు, మేం ఎప్పుడూ దాటి దూకుతాం. ఆయనకేం తెలుసు? బండ ఒక పక్కకి లేచింది, ఆయన పూలకుండీని కావలించుకున్నారు. దెబ్బ తగల్లేదు గానీ వాళ్ళు మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు.

"ఏమిటో మనుషులు! ఇంత మంచి ఇల్లు నచ్చలేదట," అన్నారు మీ తాతగారు.

నేనూ అదే అనుకున్నాను, నిజం చెబుతున్నా. అప్పుడు మీ అమ్మ వెనకగదిలోకి వెళ్ళి ఒక చిన్న నోటుపుస్తకం తెచ్చింది. మొహం ఎర్రగా అయిపోయింది.

"అత్తయ్యా, మీరు తిట్టనంటే ఒకటి చదువుతాను. నేనొచ్చిన కొత్తలో మర్చిపోకుండా రాసుకున్నా."

"చదవవే తల్లీ, తిట్టేదేముంది?"

మొదలుపెట్టింది. "ఒకటి. వీధి తలుపు తెరవాలంటే పిడి పైకెత్తి కుడి తుంటితో గట్టిగా గుద్దాలి. రెండు. మూడో మెట్టు తొక్కకూడదు, దూకాలి. మూడు. కుళాయి నెత్తిన కొట్టాలి. నాలుగు. స్నానం చేస్తున్నంతసేపూ పాడాలి, సబ్బు కళ్ళలో పడ్డా ఆపకూడదు..."

అలా పదహారు చదివింది. గరిటె ఆనించకపోతే నిలబడని కిటికీ, మోకాలితో తన్నితే గానీ మూతపడని అలమర, వాన పడితే గిన్నె పెట్టాల్సిన చోటు, అన్నీ. వింటున్నకొద్దీ నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇంట్లో తిరుగుతున్నానే, అవి పాడయ్యాయని ఒక్కరోజైనా తోచలేదు. ఇల్లంటే అలాగే ఉంటుందనుకున్నా. చెడిపోయింది కనపడలేదు, గోడల రంగు మాత్రం కనపడింది!

"పదిహేడు అని కూడా ఉందే?" మీ నాన్న తొంగి చూశాడు.

మీ అమ్మ టక్కున పుస్తకం మూసేసింది. "అది ఇంటి గురించి కాదు."

ఆదివారం పొద్దున్నే మేస్త్రి దిగాడు. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉండేది కాబట్టి ఆయన్ని పెన్సిల్ మేస్త్రి అనేవాళ్ళం. వడ్రంగం, కుళాయిలు, కరెంటు, సిమెంటు, చేతికి ఏది దొరికితే అది చేసే మనిషి. పుస్తకం చదివించుకుని, ఇల్లంతా తిరిగి వచ్చి, మెట్టు మీద కూలబడ్డాడు. మూడో మెట్టు మీదే. బండ లేచింది.

"అమ్మా, ఇది ఇల్లా, సర్కసు డేరానా? ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నారు?"

"రేపు నిన్ను పిలుద్దామని అనుకుంటూనే ఉన్నాను మేస్త్రీ," అన్నారు మీ తాతగారు.

"ఆ రేపు వచ్చేసింది బాబుగారూ. లేవండి, ఈ పలక అటు పట్టుకోండి."

ఆ ఆరు రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు, పెళ్ళివారి విడిదిలా ఉంది. పొద్దున్న లేస్తే చిత్రిక పట్టే చప్పుడు, గది నిండా చెక్క పొట్టు. వీధి తలుపు ఊడదీసి, అడుగున రెండు వేళ్ళ మందం తీసి, కొత్త బందులు వేసి నిలబెట్టాడు మేస్త్రి. కుళాయి మార్చాడు. తీగలు మార్చి, వంటింటి దీపం వంటింట్లోనే వెలిగేలా చేశాడు. మెట్టు బండ తీసి సిమెంటు పోసి కూర్చోబెట్టాడు. స్నానాలగది గడియ కొత్తది వేసి, "ఇంక మీ పాటలకి సెలవు" అన్నాడు. ఒక్కొక్క పని అవగానే మీ అమ్మ ఎర్ర పెన్సిలుతో పుస్తకంలో కొట్టేసేది, మేమందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. మీ తాతగారు ఏ పనీ రేపటికి వదల్లేదు. మేస్త్రి కంటే ముందు లేచి, ఉలి పట్టుకుని ఎదురుచూసేవారు. నేను రోజూ చెల్లెలికి ఫోను చేసి చెప్పేదాన్ని.

"ఇవాళ తొమ్మిది కొట్టేశామే!"

"ఇంకా ఏడా? తొందరగా అక్కా, ఇక్కడ ఎవరో ఇల్లు చూసి వెళ్ళారు. నాకు ముద్ద దిగడం లేదు!"

శుక్రవారం సాయంత్రం పదహారోది కొట్టేశాం. శనివారం పదింటికి ఒకావిడ వస్తానంది. బజారులో ఆవిడకి గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. మెడలో దారానికి భూతద్దం, సన్నటి వేళ్ళు, మెల్లగా మాట్లాడే మనిషి. ఆవిడ వద్దంటే మర్నాడే ఆదివారం. ఇంకొకరు వచ్చి చూసే వ్యవధి లేదు. 

మీ తాతగారు గేటు దాకా ఎదురెళ్ళారు. "రండమ్మా, రండి, మా ఇల్లు చూడండి, ఎక్కడా వంక పెట్టలేరు!" అంటూ ముందు నడిచారు. ఒకటో మెట్టు, రెండో మెట్టు ఎక్కారు. మూడోది చెంగున దూకారు. ఆవిడ ఆగి ఆ మెట్టు వైపు చూసింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న నేను ఉబలాటం పట్టలేక ఎదురు వెళ్ళాను, నేనూ ఆ మెట్టు మీంచి కిందికి దూకాను. మీ అమ్మ నా వెనకే వచ్చి, అదీ దూకింది. ఈలోగా గాలికి తలుపు దానంతటదే మూసుకుంది.

మీ తాతగారు ధీమాగా పిడి పైకెత్తారు. నడుం వెనక్కి లాగారు. కుడి తుంటితో ఒక్క గుద్దు గుద్దారు.

తలుపు బందులకి మేస్త్రి ముందురోజే నూనె వేశాడు. చిటికెన వేలితో ముట్టుకుంటే తెరుచుకునే తలుపది. అది రెక్కలా ఎగిరిపోయింది, దాని వెంట మీ తాతగారూ ఎగిరిపోయారు. హాలు దాటి, ఉతికిన బట్టల బుట్టలో పడ్డారు. పిడి ఊడి ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"ఏం ఫరవాలేదు, ఏం ఫరవాలేదు," అంటూ నేను వంటింట్లోకి పరిగెత్తాను, ఆవిడకి మంచినీళ్ళిద్దామని. కుళాయి తిప్పాను, పావు వెనక్కి తిప్పాను, నెత్తిన ఒక్కటిచ్చాను. అలవాటు చెయ్యి! కొత్త కుళాయి తల ఊడి నా చేతిలోకొచ్చింది. నీళ్ళు కప్పుకి తగిలి వానలా కురిశాయి. మీ అమ్మ దీపం వెయ్యడానికి వెనకగదిలోకి పరిగెత్తింది. అక్కడ నొక్కితే పంకా తిరిగి, బల్ల మీది కాగితాలన్నీ హాల్లోకి ఎగిరొచ్చాయి. ఇవన్నీ చాలవన్నట్టు స్నానాలగదిలోంచి మీ నాన్న గొంతు. గడియ పెట్టుకునే ఉన్నాడు, అయినా పాడుతున్నాడు. మీ నాన్న గొంతు సంగతి మీకు నేను చెప్పాలా?

గడియారాలావిడ హాలు నడుమ కదలకుండా నిలబడింది. భూతద్దం మీద పడ్డ నీటిచుక్కని తుడుచుకుంది.

"అమ్మా," అంది మెల్లగా, "ఈ ఇంట్లో ఏదో ఉంది. మీరందరూ దానికి భయపడుతున్నారు. ఆ మూడో మెట్టు కింద ఏం పెట్టారు? లోపల ఎవర్ని దాచారు, అలా అరుస్తున్నాడు?"

"అరవడం కాదమ్మా, పాట," అన్నారు మీ తాతగారు బుట్టలోంచి.

ఆవిడ వెనక్కి తిరిగింది. నా కళ్ళ ముందు మా చెల్లెలి గోడ కనపడింది, ఆ గోడ కాస్తా దూరంగా జరిగిపోతున్నట్టు కనపడింది. తడిసిన బట్టలతోనే పరిగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఇల్లు బాగుపడిపోయింది తల్లీ. మేమే ఇంకా బాగుపడలేదు!"

ఆవిడకి అర్థం కాలేదు. మీ అమ్మ ఇంక మొహమాటం పక్కన పెట్టి నోటుపుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ నిలబడే చదవడం మొదలుపెట్టింది. ఒకటో దానికి కనుబొమ్మలు పైకి లేచాయి. రెండో దానికి మెట్టు వైపు చూసింది. నాలుగో దానికి వచ్చేసరికి స్నానాలగది వైపు చూసి, భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

"ఇవన్నీ నిన్ననే బాగుచేశారా?"

"నిన్న సాయంత్రానికి పూర్తయ్యాయి. ఒళ్ళు ఇంకా పాత ఇంట్లోనే ఉందమ్మా," అన్నాను.

"అయితే మీరందరూ బయట కూర్చోండి. ఆ పాడే అబ్బాయిని కూడా పిలవండి. నేను చూసి వచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు."

నలుగురం వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాం, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో పంతులుగారు కదలొద్దన్న పిల్లల్లా. మీ నాన్న జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కూర్చున్నాక చూసుకుంటే నేను మూడో మెట్టు మీదున్నాను. బండ కదల్లేదు. ఇరవయ్యేళ్ళలో అది మొదటిసారి.

లోపల్నుంచి చప్పుళ్ళు వింటున్నాం. కిటికీ తెరిచిన చప్పుడు, దేన్నీ ఆనించకుండా అది నిలబడినట్టే ఉంది. అలమర తలుపు చిన్నగా మూతపడింది. స్నానాలగది గడియ 'టక్' మంది, మళ్ళీ 'టక్' మంది. వంటింట్లో నీళ్ళు ధారగా పడి ఆగిపోయాయి. ఊడిన తలని ఆవిడే బిగించినట్టుంది. ఒక్కొక్క చప్పుడుకీ మీ అమ్మ నా చెయ్యి నొక్కేది, నేను మీ తాతగారి చెయ్యి నొక్కేదాన్ని.

ఆవిడ బయటికొచ్చింది. వీధి తలుపుని రెండు వేళ్ళతో వేసి, రెండు వేళ్ళతో తీసి చూపించింది.

"మా కొట్టుకొచ్చేవాళ్ళూ ఇంతే. గడియారం బాగుచేసి ఇస్తానా, చేతిలోకి తీసుకోగానే అలవాటు కొద్దీ బల్లకేసి కొడతారు. మీరు ముట్టుకోకపోతే ఇల్లు నిక్షేపంలా ఉంది. నాకు నచ్చింది."

నేను అరిచాననుకుంటా. మీ అమ్మ కూడా అరిచింది. మీ తాతగారు సంబరం పట్టలేక, పెద్దమనిషి తరహాలో నవ్వుతూ చెయ్యి ఊపారు.

"తొందరేముందమ్మా! ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. కాగితాల సంగతి రేపు చూద్దాం."

మళ్ళీ రేపు! మర్నాడు ఆదివారం! ఇల్లంతా బాగుచేశాం గానీ ఆ ఒక్క మాటనీ బాగుచేయలేదు. నోరు తెరిచి ఏదో అనబోయాను. అంతలో గడియారాలావిడ పుస్తకం ఆఖరి పేజీ తిప్పి, భూతద్దం కంటికి పెట్టుకుని, పైకి చదివింది.

"పదిహేడు. మామయ్యగారు రేపు అంటే, ఇంక ఆ పని కాదని అర్థం."

మీ అమ్మ రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. మీ నాన్న ఆకాశం వైపు చూశాడు. మీ తాతగారు చేతిలో ఉన్న తలుపు పిడి వైపు చూసుకున్నారు.

"ఇదొక్కటే ఎర్ర పెన్సిలుతో కొట్టెయ్యలేదు," అంది ఆవిడ. "కాబట్టి రేపు వద్దు. ఇప్పుడే రాసుకుందాం. కలం ఉందా?"

మీ తాతగారు లేచి, రెండో మెట్టు మీంచి మూడో మెట్టు దూకి, మళ్ళీ వెనక్కొచ్చి ఆ మెట్టు మీద కాలు గట్టిగా ఆనించి, అప్పుడు లోపలికి వెళ్ళి కలం తెచ్చారు. పన్నెండు గంటలకల్లా రాతకోతలైపోయాయి. మీ అమ్మ పదిహేడో దాన్ని తానే ఎర్రగా కొట్టేసింది. ఆ పుస్తకం తనకి కావాలని గడియారాలావిడ అడిగి మరీ తీసుకుంది.

మా చెల్లెలికి ఫోను చేసి "ఏమే" అన్నాను, అంతే. దానికే అర్థమయిపోయి, "అక్కా, పక్కింటావిడతో చెప్పేస్తున్నా!" అని ఫోను పెట్టకుండానే పరిగెత్తింది. దాని చెప్పుల చప్పుడు ఫోనులో విన్నాను, వాళ్ళ గేటు దాకా.

అదే ఈ ఇల్లు. అదిగో, ఆ గోడే. వచ్చిన మొదటి పొద్దున్న నేను వేలి కణుపుతో గోడ మీద రెండుసార్లు కొట్టాను. అటు నుంచి మూడుసార్లు వినపడింది, ఆ వెంటనే "టీలో ఉప్పు వేశావా లేదా?" అన్న కేక. ఈ ఇంట్లో తలుపులన్నీ వేలితో తోస్తే తెరుచుకుంటాయి, అన్ని గడియలూ పడతాయి. అయినా మీ తాతగారు మొన్నటి దాకా తుంటి ఊపి గానీ లోపలికి రాలేదు. తుంటి మానేశారు గానీ పాట మానలేదు. మేం పాడుతుంటే విని మీరు నేర్చుకున్నారు, ఎందుకో తెలియకుండానే.

ఇప్పుడు తెలిసింది కదా. రేపు మీ స్నేహితురాలు నవ్వితే చిన్నబుచ్చుకోవద్దు, కూర్చోబెట్టి ఇదంతా చెప్పండి. మూడో మెట్టు సంగతి వదిలిపెట్టకండి, పదిహేడోది అస్సలు మర్చిపోకండి. ఎప్పుడో మీ పిల్లలు గడియ పెట్టుకుని కూడా లోపల పాడుతుంటే, తలుపు బయట నిలబడి వాళ్ళకీ చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పాలి సుమా, మీ తాతగారు బట్టల బుట్టలో పడ్డ చోట కాసేపు ఆగి.